రాతినార గుంతల లెక్క ఎవరు చెప్పాలి?

మన కడప జిల్లా దళితవాడల్లో సిమెంటు రేకుల ఇల్లు కొత్త సంగతి కాదు. ఎండాకాలం పెనం మాదిరి కాగుతుంది, వానాకాలం డప్పు మాదిరి మోగుతుంది. ఆ రేకు గట్టిపడడానికి సిమెంటులో కలిపేది రాతినార. ఇంగ్లీషు చదువుకున్నవాళ్లు ఆస్బెస్టాస్ అంటారు. ఆ రాతినార గనులు ఒకప్పుడు మన జిల్లాలోనే, పులివెందుల దగ్గర బ్రాహ్మణపల్లె, లింగాల వైపు ఉండేవనే సంగతి ఇప్పటి పిల్లల్లో చాలామందికి తెలియదు. గని మూతపడింది. గుంత మిగిలింది. గుంత పక్కన రాళ్లకుప్ప మిగిలింది. ఆ కుప్ప దుమ్ము పీల్చినవాళ్ల ఊపిరితిత్తులు మిగిలినాయి.

ఇట్లా వాడి వదిలేసిన పరిశ్రమల భూములను మళ్లీ వాడకంలోకి తేవాలనే మాట ఈమధ్య గట్టిగా వినిపిస్తోంది. కొత్తగా పచ్చని పొలాలు తీసుకునే బదులు పాత గనులు, మూతపడిన ఫ్యాక్టరీల స్థలాలు వాడుకోవాలంటున్నారు. పట్నాల్లో దీన్ని 'బ్రౌన్‌ఫీల్డ్' అభివృద్ధి అంటారు. మాట మంచిదే, మేమూ కాదనం. అయితే ఆ భూమి దేనికి పనికొస్తుందో అంచనా వేసే పద్ధతి మీద మాకు పేచీ ఉంది. ఆ అంచనా ఎట్లా జరుగుతోంది, ఎట్లా జరగాలి, మన కార్యకర్తలూ విద్యార్థులూ అందులో ఏం చెయ్యొచ్చు అనేది ఈ వ్యాసంలో వివరిస్తాం.

'ఖాళీ' అనే మాట వెనక

చక్రాయపేట నుంచి గండి, వేంపల్లె మీదుగా పులివెందుల వైపు పోతే గుట్టలే గుట్టలు. భూగర్భ శాస్త్రజ్ఞులు ఇక్కడి ఒక రాతి పొరకు వేంపల్లె పేరే పెట్టుకున్నారు. ఆ పొరలోనే మూడు ఖనిజాలున్నాయి. రాతినార ఒకటి, ముగ్గురాయి ఒకటి, తుమ్మలపల్లె యురేనియం ఒకటి. డోలమైటు రాతి పొరల్లోకి కింద నుంచి కాగిన శిలాద్రవం చొచ్చుకొచ్చిన చోట, ఆ వేడికి రాయి గుణం మారి సన్నని నార పేరుకుంది. ఇటు ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు పోతే సున్నపురాయి, నాపరాయి. దేశమంతా కడప బండలని పిలిచేది వీటినే. వాన తక్కువ సీమలో పంట పండని చోటల్లా గని తవ్వుకుంటూ వచ్చారు.

రెవెన్యూ కాగితాల్లో ఈ నేలలకు బంజరు, గయాళు, అనాధీనం, గుట్ట పోరంబోకు అని పేర్లుంటాయి. ఆ పేరు చదివిన ఆఫీసరుకు భూమి ఖాళీగా కనిపిస్తుంది. కానీ ఆ గయాళులో గొర్రెలు మేస్తుంటాయి. ఆ పోరంబోకులో కంపచెట్లు కొట్టి బొగ్గు కాల్చుకునే కుటుంబం ఉంటుంది. దాని అంచున ఎకరమో రెండెకరాలో దరఖాస్తు పెట్టి డి.కె.టి. పట్టా తెచ్చుకున్న మాల, మాదిగ కుటుంబం ఉంటుంది. సర్వేయరు వచ్చి "ఇది ఎవరిదప్పా?" అని అడిగితే, పక్కనున్న పెద్దమనిషి "గవర్నమెంటుదే సార్" అని జవాబు చెప్తాడు. అంచనా అక్కడే సగం అయిపోతుంది.

ఆ తర్వాత లెక్కకొచ్చేవి విస్తీర్ణం, రోడ్డుకు దూరం, సబ్‌స్టేషను, నీళ్లు, ఎకరం ధర. ఈ ఐదూ కొనేవాడి ప్రశ్నలు. బతికేవాడి ప్రశ్నలు వేరే ఉన్నాయి. మేము నాలుగింటిని ముందుకు తెస్తున్నాం. భూమి ఎవరిది? లోపల ఏముంది? శుభ్రం చేసేదెవరు, డబ్బు ఎవరిది? శుభ్రమయ్యాక ఎవరి చేతికి పోతుంది?

మొదటి ప్రశ్న: ఎవరిది?

గని లీజు అంటే భూమి అమ్మకం కాదు. కింద ఉన్న ఖనిజం తీసుకునే హక్కు మాత్రమే. పైభూమి హక్కు వేరే ఉంటుంది. కాబట్టి మూతపడిన గని దగ్గర మొదట తియ్యాల్సింది లీజు కాగితం కాదు, దానికి ముందటి కాగితాలు. గ్రామ ఆర్.ఎస్.ఆర్., పాత అడంగళ్లు, అసైన్‌మెంటు రిజిస్టరు చూడాలి. ఆర్.ఎస్.ఆర్.లో పేరుకు బదులు చుక్కలు పెట్టిన చుక్కల భూములున్నాయేమో, రిజిస్ట్రేషను నిషేధించిన 22-ఎ జాబితాలో ఏ సర్వే నంబర్లున్నాయో చూడాలి. ఇవన్నీ సమాచార హక్కు కింద అడగొచ్చు.

భూమిలేని పేదలకిచ్చిన అసైన్డ్ భూములను ఇంకొకరు కొంటే చెల్లదని 1977 నాటి 9వ నంబరు చట్టం చెప్పింది. చేతులు మారిన భూమిని వెనక్కి ఇప్పించే అధికారం కూడా అందులో ఉంది. 2023లో చట్టాన్ని సవరించి ఇరవై ఏళ్లు దాటిన అసైన్డ్ భూములను అమ్ముకునే వీలు కల్పించారు. హక్కు వచ్చిందని సంతోషించాల్సిందే. కానీ అప్పుల్లో ఉన్నవాడికి అమ్ముకునే హక్కు వస్తే, కొనేవాడు గుమ్మంలోనే కూర్చోనుంటాడని మరవకూడదు.

ఇంకో సంగతి. అసైన్డ్ భూమిని ప్రభుత్వం ప్రజావసరం పేరుతో వెనక్కి తీసుకుంటే పట్టా రైతుకిచ్చినట్టే మార్కెట్ ధర ఇవ్వాలని, 2004లో మేకల పాండు కేసులో మన హైకోర్టు విస్తృత ధర్మాసనం తీర్పు చెప్పింది. "నీది గవర్నమెంటు ఇచ్చిన భూమి, గవర్నమెంటే తీసుకుంటుంది" అనే మాటకు అదే జవాబు. ఆదివాసీలకు 1997 సమతా తీర్పు అనే అడ్డుగోడ ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ప్రైవేటు కంపెనీలకు గని లీజులు చెల్లవని సుప్రీంకోర్టు అందులో చెప్పింది. మైదానంలో ఉన్న దళితుడికి అట్లాంటి గోడ లేదు. ఉన్నది 1977 చట్టం, ఈ 2004 తీర్పు, ఇంకా 1989 అత్యాచారాల నిరోధక చట్టం. దళితుల భూమిని అక్రమంగా ఆక్రమించినా, భూమి మీద వాళ్ల హక్కు అనుభవించకుండా అడ్డుపడినా ఈ చట్టం కింద నేరమే. ఈ మూడూ మన చేతిలో ఉండాలి.

జమ్మలమడుగు కథ ఇక్కడ చెప్పుకోవాలి. 2007లో బ్రాహ్మణి ఉక్కు ఫ్యాక్టరీకి శంకుస్థాపన జరిగింది. ఎకరం 18 వేల రూపాయల లెక్కన దాదాపు 10,760 ఎకరాలు కేటాయించారు. 2013లో ప్రభుత్వం ఆ కేటాయింపు రద్దు చేసింది. 2014 రాష్ట్ర విభజన చట్టంలో ఈ జిల్లాలో ఉక్కు ఫ్యాక్టరీ సాధ్యమేమో పరిశీలిస్తామని రాశారు. ఆ తర్వాత 2018లో కంబాలదిన్నె దగ్గర, 2019లో, మళ్లీ 2023లో సున్నపురాళ్లపల్లె దగ్గర శంకుస్థాపనలు జరిగినాయి. పదహారేళ్లలో నాలుగు పునాదిరాళ్లు. తొలిసారి ఇచ్చిన భూమిలో ఉక్కు తయారు కాలేదు, భూమి మాత్రం ఫ్యాక్టరీ భూమి అయిపోయింది. పని జరగకుండానే వదిలేసిన పరిశ్రమ భూమి ఇట్లా ఉంటుంది. దీంట్లో విషం లేదు. ఉన్నది హక్కుల చిక్కు.

2013 భూసేకరణ చట్టం 101వ సెక్షన్ ప్రకారం, తీసుకున్న భూమిని ఐదేళ్లు వాడకపోతే అసలు యజమానికి గానీ వారసులకు గానీ తిరిగివ్వాలి, లేదా ప్రభుత్వ భూమి బ్యాంకుకు చేర్చాలి. ఈ 'లేదా'లోనే కథంతా ఉంది. దారి ఎంచుకునేది ప్రభుత్వం, రైతు కాదు. పైగా ఈ సెక్షన్ ఆ చట్టం కింద సేకరించిన భూమికే. అసైన్డ్ పట్టా రద్దు చేసి వెనక్కి తీసుకున్న భూమి దీని కిందికి రాదనే వాదన సిద్ధంగా ఉంటుంది. అయినా తిరిగివ్వడం జరగని పని కాదు. బెంగాల్‌లోని సింగూరులో కార్ల ఫ్యాక్టరీకి తీసుకున్న 997 ఎకరాలను రైతులకు తిరిగివ్వాలని 2016 ఆగస్టు 31న సుప్రీంకోర్టు చెప్పింది. కాకపోతే అక్కడ నేల మీద అప్పటికే కాంక్రీటు పోశారు. కాగితం మీద తిరిగొచ్చినంత సులువుగా నేల తిరిగిరాదు. అక్కడే రెండో ప్రశ్న మొదలవుతుంది.

రెండో ప్రశ్న: లోపల ఏముంది?

గుంతలన్నీ ఒకటి కాదు. నాపరాయి గుంతలో మిగిలేది బండ ముక్కలు, పాలిషు మిషన్ల నుంచి వచ్చిన తెల్లని బురద. అంచులు సరిచేసి, మెట్లు తీసి, కంచె వేస్తే అది వాననీటి చెరువు అవుతుంది, చుట్టుపక్కల బోర్లకు ఊట అవుతుంది. ముగ్గురాయి గుంతలో నీళ్లు నిలిచి ఉంటే, వాటిలో లోహాలు ఎంతున్నాయో పరీక్ష చేయించకుండా పశువులకు కూడా పెట్టకూడదు.

రాతినార గుంత సంగతి పూర్తిగా వేరు. నార పోగు కంటికి కనపడదు, వాసన రాదు, నీళ్లలో కరగదు, మట్టిలో కుళ్లదు. పదేళ్లయినా యాభై ఏళ్లయినా కుప్పలో అట్లే ఉంటుంది. కుప్పను కదిలిస్తే, ఆషాఢం గాలికి లేచి ఊరి మీదికి వస్తుంది. ఒకసారి లోపలికి పోయిన పోగు ఊపిరితిత్తిలో గుచ్చుకోని ఉండిపోతుంది. ఆస్బెస్టోసిస్, ఊపిరితిత్తుల క్యాన్సర్, మెసోథీలియోమా అనే జబ్బులు దీని వల్ల వస్తాయి. క్యాన్సర్లు బయటపడడానికి ఇరవై నుంచి నలభై ఏళ్లు, కొన్నిసార్లు అంతకు మించి పడుతుంది. ఇదే దీంట్లోని మోసం. గనిలో ఇరవై ఏళ్ల వయసులో రాయి కొట్టినవాడు అరవైలో దగ్గుతాడు. అప్పటికి గని లేదు, కంపెనీ లేదు, మేస్త్రీ లేడు. ఊరి ఆస్పత్రిలో టీబీ మందులిచ్చి పంపిస్తారు.

మన దేశంలో కొత్త రాతినార లీజులు 1986లో ఆపారు. పాత లీజుల రెన్యువల్ 1993లో ఆపారు. తవ్వడం ఆపారు గానీ వాడడం ఆపలేదు. రష్యా, కజకస్తాన్ లాంటి దేశాల నుంచి తెప్పించుకుంటూనే ఉన్నాం. ఇక్కడి గుంతలు మాత్రం అట్లాగే ఉండిపోయినాయి. ఎందుకంటే గని మూసేటప్పుడు మూసివేత పథకం ఇవ్వాలి, దానికి పూచీకత్తు డబ్బు కట్టాలి అనే నియమం 2003లో గానీ రాలేదు. అంతకు ముందే వదిలిపోయినవాడిని అడిగే దిక్కు లేదు.

ఈ నిర్లక్ష్యం ఎక్కడిదాకా పోతుందో జార్ఖండ్ చూపించింది. చాయిబాసా దగ్గర రోరో గుట్టల్లో రాతినార గనిని 1983లో వదిలేశారు. అది నడిపింది మన హైదరాబాదు కంపెనీయే. కొండవాలు మీద లక్షల టన్నుల వ్యర్థం పోసి పోయారు. కింద 'హో' ఆదివాసీల పొలాలున్నాయి. ప్రతి వానకూ కుప్ప కిందికి జారింది. దశాబ్దాల తర్వాత గానీ కేసు జాతీయ హరిత ట్రిబ్యునల్ ముందుకు పోలేదు. ఆస్ట్రేలియాలో విట్టెనూమ్ అనే ఊరి గనిని 1966లో మూసేశారు. 2007లో ఆ ఊరి పేరునే అధికారిక జాబితా నుంచి తీసేశారు. ముప్పై లక్షల టన్నుల వ్యర్థం ఇప్పటికీ అక్కడి బంజిమా ఆదివాసుల నేల మీదే ఉంది. ఒక చోట హో, ఒక చోట బంజిమా. వదిలేసిన విషం ఎవరి ఇంటి ముందు ఉంటుందో చూడండి.

అందుకే రాతినార భూమి అంచనాలో కొన్ని నియమాలు తప్పవు. తవ్వి చూసే ముందు కప్పడం గురించి ఆలోచించాలి. మట్టి నమూనాలు తీసి సూక్ష్మదర్శినితో పరీక్ష చేయించాలి. గాలి వీచే కాలంలో ఊరి వైపు గాలిని కూడా ఫిల్టరు పెట్టి కొలవాలి. కుప్పను తడిపి, చదును చేసి, మందంగా మంచి మట్టి కప్పి, గడ్డి పెంచి, నీళ్లు కోసుకుపోకుండా కాలువలు తియ్యాలి. ఆ మట్టిని రోడ్డుకు గ్రావెల్‌గా, ఇళ్ల పునాదులకు తోలనివ్వకూడదు. కప్పిన చోట పేదలకు ఇళ్ల స్థలాలు, బడి, ఆటస్థలం పెట్టకూడదు. ఊరికి దూరంగా ఉన్న చవక స్థలం అనగానే ఎస్సీ కాలనీ గుర్తొచ్చే అలవాటు మన ఆఫీసులకుంది గనుక ఈ మాట గట్టిగా చెప్తున్నాం.

మూడో ప్రశ్న: ఎవరు శుభ్రం చేస్తారు, ఎవరి డబ్బుతో?

పాడుచేసినవాడే కట్టాలనేది ఇప్పుడు న్యాయసూత్రం. 2025 జూలైలో కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణ నియమాలు తెచ్చింది. అనుమానమున్న స్థలాన్ని గుర్తించాలి, తొంభై రోజుల్లో తొలి పరీక్ష చెయ్యాలి, పాడుచేసినవాడి చేత శుభ్రం చేయించాలి అన్నది వాటి సారాంశం. బాగుంది. కానీ గనుల వల్ల వచ్చిన కాలుష్యాన్నీ, రేడియోధార్మిక వ్యర్థాలనూ వేరే చట్టాలున్నాయని చెప్పి ఈ నియమాల నుంచి పక్కన పెట్టారు. అంటే పులివెందుల రాతినార గుంతా, తుమ్మలపల్లె యురేనియం మిల్లు వ్యర్థాల చెరువూ రెండూ గీత అవతల పడినాయి. కొట్టాల రైతులు తమ బోర్లు, అరటితోటలు పాడైనాయని ఆ చెరువు గురించి ఏళ్లుగా ఫిర్యాదు చేస్తూ వచ్చారు. ఆ గని కూడా ఎప్పుడో ఒకనాడు మూతపడేదే. యురేనియం వ్యర్థాల్లో ఉండే రేడియం సగానికి తగ్గాలంటే 1,600 ఏళ్లు పడుతుంది. అన్ని ఏళ్లు కాపలా కాసేదెవరో ఇప్పుడే తేల్చుకోవాలి.

డబ్బుకు ఒక దారుంది. 2015లో గనుల చట్టం సవరించి జిల్లా ఖనిజ నిధి పెట్టారు. నడుస్తున్న గనులు కట్టే సొమ్ము అందులో చేరుతుంది. తాగునీరు, ఆరోగ్యం, పర్యావరణం అందులో ప్రాధాన్య రంగాలు. సున్నపురాయి సొమ్ముతో పాత రాతినార ఊళ్లలో ఊపిరితిత్తుల పరీక్షలు చేయించమని గ్రామసభలు తీర్మానం చేసి అడగొచ్చు.

డబ్బు కంటే కష్టమైన సంగతి చేతులు. శుభ్రం చేసే పని ఎవరి మీద పడుతుంది? చచ్చిన గొడ్డును ఎత్తేదెవరో, పెంట ఎత్తేదెవరో మన ఊళ్లు ముందే నిర్ణయించి పెట్టినాయి. విషపు మట్టి ఎత్తే పని కూడా అదే దారిలో పోతుంది. కాంట్రాక్టరు మేస్త్రీని పిలుస్తాడు, మేస్త్రీ దళితవాడకు వస్తాడు, మూతికి తువ్వాలు కట్టుకోమంటాడు. గనిలో రాయి కొట్టిన తల్లి కొడుకే మళ్లీ ఆ కుప్ప ఎత్తడానికి పోతాడు. మస్టరు రోల్‌లో పేరుండదు.

దీనికి విరుగుడు 1995 జనవరి 27 నాటి సుప్రీంకోర్టు తీర్పులో ఉంది. ఆరోగ్యంగా బతకడం కార్మికుడి ప్రాథమిక హక్కు అని అది చెప్పింది. రాతినార కార్మికుడి ఆరోగ్య రికార్డును పనిలో చేరినప్పటి నుంచి నలభై ఏళ్లు, లేదా పని మానిన తర్వాత పదిహేనేళ్లు, ఏది ఎక్కువైతే అంతకాలం దాచాలని ఆదేశించింది. కాబట్టి ఏ శుభ్రత పనికైనా ముందు మూడు అడగాలి. పేరున్న మస్టరు, ఊపిరితిత్తుల పరీక్ష, సరైన మాస్కు. ఇవి లేకుండా పని మొదలు పెట్టనివ్వకూడదు.

ఒక చోట శుభ్రం చేసి ఇంకో చోట పోస్తే అది శుభ్రం కాదు. భోపాల్‌లో 1984 నాటి కార్బైడ్ ఫ్యాక్టరీ వ్యర్థం 337 టన్నులను నలభై ఏళ్ల తర్వాత, 2025 జనవరిలో పీతంపూర్‌కు తోలి, ఆ తర్వాత కాల్చారు. అక్కడి జనం వద్దని వీధుల్లోకి వచ్చారు. అమెరికాలో 1982లో నార్త్ కరోలినాలోని వారెన్ కౌంటీకి విషపు మట్టి తోలినప్పుడు నల్లవాళ్లు రోడ్డుకు అడ్డంగా పడుకున్నారు. విషం జాతిని చూసి ఇల్లు వెతుక్కుంటుందని ప్రపంచానికి తెలిసింది అప్పుడే. కులాన్ని చూసి వెతుక్కుంటుందని మనం చెప్పాల్సి ఉంది.

నాలుగో ప్రశ్న: తర్వాత ఎవరికి?

భూమి శుభ్రమైన రోజున దాని ధర లేస్తుంది. విషం ఉన్నన్నాళ్లు దళితుల పక్కన ఉన్న భూమి, శుభ్రమయ్యాక ఎవరో పెద్దల భూమి అవుతుంది. ఇది జరగకుండా చూడడమే అసలు నిలకడైన వినియోగం.

సోలారు ప్లాంట్ల గురించి ఇప్పుడు ఎక్కువ మాట్లాడుతున్నారు. మన జిల్లాలోనే మైలవరం మండలంలో వెయ్యి మెగావాట్ల సోలారు పార్కు తలపెట్టారు. కప్పిన రాతినార కుప్ప మీద, ఎవరూ నివసించని చోట, మట్టిని లోతుగా తవ్వకుండా పలకలు నిలిపితే తప్పులేదు. కానీ పలకలకు కాపలా కాసేందుకు ఎంతమంది కావాలి? పలకల కింద గొర్రెలు మేయనిస్తారా? కరెంటు అమ్మకంలో ఊరి వాటా ఎంత? ఈ మూడింటికి జవాబు రాతలో ఉండాలి. మంచి నేల ఉన్న చోట, జమ్మలమడుగు తరహా వాడని భూముల్లో, సొమ్ము చెల్లించినా చెల్లించకపోయినా మొదటి హక్కు ముందు సాగు చేసిన కుటుంబాలకే ఉండాలి. నాపరాయి గుంతల్లో చేపల పెంపకం హక్కు గుంత పక్కన ఉన్న వాడకు ఇవ్వాలి.

ఇది కొత్త ఆలోచన కాదు. 1947లో 'రాష్ట్రాలు - మైనారిటీలు' అనే పత్రంలో అంబేద్కర్, సాగులో లేని ప్రభుత్వ భూములను షెడ్యూల్డ్ కులాల సెటిల్‌మెంటు కోసం ఒక కమిషన్ ట్రస్టుగా పట్టుకోవాలని ప్రతిపాదించాడు. బంజరు అనే మాటను ఆయన అట్లా చదివాడు. దిక్కులేని నేలగా చూడలేదు, దళితులకు బాకీ ఉన్న నేలగా చూశాడు. ఈ రోజు బంజరు భూమికి సోలారు కంపెనీ, ఉక్కు కంపెనీ వరసలో నిలబడి ఉన్నాయి. బాకీదారు పేరు ఆ వరసలో లేదు.

మనం చెయ్యాల్సింది

మండలానికి ఇద్దరు ముగ్గురు విద్యార్థులు కూర్చుంటే వదిలేసిన గుంతల జాబితా తయారు చెయ్యొచ్చు. ప్రతి గుంతకూ సర్వే నంబరు, ఖనిజం, లీజు తేదీలు, దగ్గర్లోని వాడకు దూరం, నీళ్లు ఎవరు వాడుతున్నారు అన్నవి రాసుకోవాలి. గుంత దగ్గరికి పోయేవాళ్లు రాతినార కుప్పను తట్టకుండా, ఎక్కకుండా దూరం నుంచే చూడాలి. టీచర్లు బడిలో పిల్లల చేత ముసలివాళ్లను అడిగించాలి. ఏ గనిలో ఎన్నేళ్లు పనిచేశారు, ఏం పని చేశారు, ఇప్పుడు దగ్గుందా అని. కాంట్రాక్టరు మస్టరులో లేని పేర్లు ఆ నోటుబుక్కులోకి ఎక్కుతాయి. రేపు పరిహారం అడిగేటప్పుడు ఆ నోటుబుక్కు సాక్ష్యం.

ప్రభుత్వం ఎప్పుడో ఒకరోజు అంచనా కాగితం పట్టుకోని వస్తుంది. దాంట్లో విస్తీర్ణం ఉంటుంది, ధర ఉంటుంది. ఆ రోజు మన చేతిలోనూ ఒక కాగితం ఉండాలి. దాంట్లో ఈ గుంత తవ్వినవాళ్ల పేర్లు ఉండాలి.